స్త్రీవాద ఉద్యమం (తెలుగు నాట)

చదువు, ఆస్తి, కూలి, పెళ్లి, రాజకీయాలు, వీటన్నిటిలో స్త్రీలకు పురుషులతో సమాన హక్కులు కోరుతూ, ఇంట్లో జరిగే హింస కూడా నలుగురూ పట్టించుకోవలసిన విషయమేనని వాదిస్తూ సాగిన ఆలోచననూ పోరాటాలనూ కలిపి స్త్రీవాద ఉద్యమం అంటారు. ఇంగ్లండులో, అమెరికాలో ఈ ఉద్యమానికి ఓటు హక్కు చాలాకాలం ముఖ్యమైన కోరిక. తెలుగు నాట మొదటి తగవు వితంతువుల పెళ్లి గురించి, ఆడపిల్లల బడి గురించి వచ్చింది. ఓటు ఇక్కడ పెద్ద రభస లేకుండానే, ఆస్తి ఉన్నవారి వరకు, 1921లో మద్రాసు శాసనమండలి ద్వారా దక్కింది.

పూర్వరంగం

నన్నయ కాలం నుంచి పందొమ్మిదో శతాబ్దం దాకా తిమ్మక్క, మొల్ల, తరిగొండ వెంగమాంబ వంటి కొందరి రచనలు తప్ప స్త్రీల మాట రాతలో పెద్దగా నిలవలేదు. కవయిత్రి ముద్దుపళని కావ్యం రాధికా సాంత్వనాన్ని బెంగళూరు నాగరత్నమ్మ 1910లో అచ్చు వేయిస్తే ప్రభుత్వం అశ్లీలమని నిషేధించింది. టంగుటూరి ప్రకాశం మద్రాసు రాష్ట్రాన్ని ఏలిన రోజుల్లో ఆ నిషేధం తొలగింది.

సంస్కరణ యుగం

కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టి, 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించాడు. 1883లో స్త్రీల కోసం సతీహితబోధిని పత్రిక నడిపాడు. ఆయన జరిపించిన వితంతు వివాహాలకు వంటవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు రాకపోతే ఆ పనులు నెత్తిన వేసుకున్నది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ. అయితే ఆయన కోరిన చదువు ప్రధానంగా మంచి ఇల్లాలిని తయారు చేసే చదువు.

ఆ హద్దు దాటిన వారిలో ముందుగా చెప్పుకోదగ్గది భండారు అచ్చమాంబ (1874–1905). బడి మొహం ఎరగని ఈమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుతుంటే పక్కన కూర్చుని అక్షరాలు నేర్చింది. ఆడవాళ్లకు తెలివి తక్కువనే మాటకు జవాబుగా ప్రసిద్ధ స్త్రీల జీవితాలు సేకరించి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. ఆమె ‘ధనత్రయోదశి’ కథ 1902లో వెలువడింది. అదే ఏడు బందరులో బృందావన స్త్రీ సమాజం స్థాపనలో పాలుపంచుకుంది. ముప్పై ఏళ్లకే కన్నుమూసింది.

తర్వాతి తరంలో నేటి ప్రకాశం జిల్లాకు ఒక వాటా ఉంది. ఒంగోలు దగ్గర ఇనమనమెళ్లూరులో పుట్టి మద్రాసులో వైద్యుడిగా స్థిరపడిన కె.ఎన్. కేసరి 1928లో ‘గృహలక్ష్మి’ పత్రిక పెట్టాడు. అందులో కనుపర్తి వరలక్ష్మమ్మ రాసిన ‘శారద లేఖలు’ స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలోనే విడాకులు, బాల్య వివాహాలను ఆపే శారదా చట్టం, ఖద్దరు వంటి విషయాలన్నీ చర్చించాయి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీబాయమ్మ శారదా నికేతనం, మద్రాసులో దుర్గాబాయి 1937లో స్థాపించిన ఆంధ్ర మహిళా సభ ఈ కాలానివే. తెలంగాణ సాయుధ పోరాటంలో (1946–51) చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం, ఆరుట్ల కమలాదేవి వంటివారు ముందుకొచ్చారు. పోరాటం ముగిశాక చాలామంది స్త్రీలను మళ్లీ ఇంటి పనికే పంపారు. ఆ తర్వాత రెండు దశాబ్దాలు ఉద్యమం మందగించింది.

హైదరాబాదు, కారంచేడు

1974లో హైదరాబాదులో ప్రగతిశీల మహిళా సంఘం ఏర్పడి వరకట్నం, ధరలు, అశ్లీల పోస్టర్ల మీద ఊరేగింపులు తీసింది. ఎమర్జెన్సీ దాన్ని చెల్లాచెదురు చేసింది. 1978లో నగరంలో రమీజాబీ అనే స్త్రీపై పోలీసుల అత్యాచారం, ఆమె భర్త మరణం పెద్ద అలజడి రేపాయి. అదే ఏడు పుట్టిన స్త్రీ శక్తి సంఘటన సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతికి పట్టుకుని, వాళ్ల మాటల్లోనే ‘మనకు తెలియని మన చరిత్ర’ (1986) వెలువరించింది. ఇది తెలుగు స్త్రీవాదపు అత్యుత్తమ గ్రంథాల్లో ఒకటి.

1985 జూలైలో అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలపై జరిగిన దాడికి నాంది మంచినీళ్ల చెరువు దగ్గర పడింది. తాగే నీటిని పాడు చేస్తున్నవారిని ఆపబోయిన మున్నంగి సువార్తమ్మ, వాళ్లు కొట్టబోతే తన బిందె ఎత్తింది. కులాన్ని పక్కన పెట్టి స్త్రీల గురించి మాట్లాడటం కుదరదని దళిత స్త్రీలు తర్వాత వాదించినప్పుడు ఈ ఘటన తరచు ప్రస్తావనకు వచ్చింది.

సారా వ్యతిరేక ఉద్యమం

చంద్రశేఖరపురం, కనిగిరి, పామూరు ప్రాంతం 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాలోదే. మెట్ట పొలాలు, కూలి పని, దూరం నుంచి మోసుకొచ్చే నీళ్లు నెల్లూరు జిల్లా ఉదయగిరి వైపుకూ ఈ ప్రాంతానికీ ఒకటే. అందుకే కలిగిరి మండలం దూబగుంటలో పుట్టిన సారా వ్యతిరేక ఉద్యమాన్ని ఈ ప్రాంతానికి పొరుగింటి చరిత్రగా చూడాలి.

నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా కార్యక్రమం కింద రాత్రి బడులు నడిచేవి. కూలి పని నుంచి వచ్చి, వంట ముగించి, లాంతరు వెలుగులో పలకలు పట్టిన ఆడవాళ్లు పాఠంలోని ఊరినీ తమ ఊరినీ పోల్చుకున్నారు. మగవాళ్ల కూలి డబ్బు సాయంత్రానికే సారా ప్యాకెట్ల కింద కరిగిపోతోంది. తిండికి తెచ్చేది ఆడవాళ్ల కూలి. దూబగుంటలో వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నడిచి ఊళ్లోకి సారా రాకుండా ఆపారు. ఆ ఊరి సంగతి ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠంగా అచ్చయ్యాక పక్క ఊళ్లు అందుకున్నాయి.

పద్ధతులు ఇంట్లోంచి వచ్చినవే: చీపురు, కారప్పొడి, రోకలి. దారి కాసి ప్యాకెట్లు పారబోశారు, తగలబెట్టారు. తాగొచ్చిన మొగుడికి అన్నం పెట్టలేదు. 1992లో నెల్లూరులో సారా వేలం పాటలు స్త్రీల ముట్టడితో పదేపదే వాయిదా పడ్డాయి. ప్రభుత్వం 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలోనూ, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించింది. 1995 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన సంపూర్ణ మద్య నిషేధం 1997లో రద్దయింది. ఉద్యమం నుంచి మిగిలినది రోజుకు రూపాయి దాచుకునే పొదుపు సంఘం. ఇది నిస్సందేహంగా గట్టి ఫలితమే, కాని సారా దుకాణం మూయించిన సంఘాలు క్రమంగా బ్యాంకు అప్పు వాయిదాల లెక్కలో పడ్డాయి.

సాహిత్యం

ఓల్గా నవల ‘స్వేచ్ఛ’ (1987), ‘నీలిమేఘాలు’ కవితా సంకలనం (1993), కొండవీటి సత్యవతి సంపాదకత్వంలో ‘భూమిక’ పత్రిక, గోగు శ్యామల సంకలనం ‘నల్లపొద్దు’ స్త్రీవాద సాహిత్యంలో ముఖ్యమైనవి.

లక్ష్యాలు

హింస లేని ఇల్లు, సమాన కూలి, తన శరీరంపై తన నిర్ణయం, పంచాయతీ నుంచి పార్లమెంటు దాకా చోటు అన్నవి ఉద్యమం ఎప్పుడూ చెప్పే కోరికలు. ఆస్తి విషయంలో ఆంధ్రప్రదేశ్ ముందుంది: ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన వాటా ఇచ్చిన రాష్ట్ర సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలైంది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు అది వర్తించలేదు. దేశవ్యాప్త సవరణ వచ్చింది 2005లో. చట్టం ఇలా ఉన్నా, పసుపు కుంకుమ కింద ఇచ్చామంటూ ఆడబిడ్డల చేత అన్నదమ్ముల పేర హక్కు విడుదల పత్రాలు రాయించడం ఆగలేదు. పుట్టింటి రాకపోకలు తెగిపోతాయన్న భయమే చాలామంది చేత ఆ సంతకం పెట్టిస్తోంది.