బెజ్జాలు కలిస్తే సరిపోదు

విజయవాడ ఆటోనగర్. రేకులు సాగగొట్టే సుత్తి మోతల మధ్య ఓ షెడ్డులో కారు ముందు భాగం జాకీ మీద లేచి ఉంది. పక్కనే గోనెపట్టా మీద కొత్త అల్లాయ్ చక్రాలు. కుర్రాడు వాటిని మురిపెంగా తడుముతున్నాడు.

"నాలుగు బెజ్జాలూ కలిశాయి బాబాయ్, ఎక్కించెయ్."

మేస్త్రి ఎక్కించడు. అల్లాయ్‌ని బోర్లా తిప్పుతాడు. మీరూ వంగి చూడండి: స్పోకు వెనక '7జె', పక్కన 'ఈటీ 35' అని పోతలోనే అచ్చయి ఉంది. విప్పిన పాత చక్రం మీద 6జె, ఈటీ 45. మొదటిది అంగుళాల్లో రిమ్ము వెడల్పు. రెండోది ఆఫ్‌సెట్: రిమ్ము నడిమి గీత నుంచి, హబ్బుకు ఆనే ముఖం ఎన్ని మిల్లీమీటర్లు బయటివైపు ఉందన్నది. ఆ అంకె పెరిగితే చక్రం లోపలికి పోతుంది, తగ్గితే బయటికొస్తుంది. వింటే తలకిందులుగా అనిపిస్తుంది. చక్రాన్ని చేత్తో పట్టుకుని చూస్తే గానీ ఒంటబట్టదు.

రిమ్ము వెనక అంచుల మీద అడ్డంగా ఇనుప స్కేలు పెట్టి, టేపు లోపలికి దించుతాడు. హబ్బు ముఖం దాకా 136.5. అంచులతో కలిపి మొత్తం వెడల్పు 203. అందులో సగం, 101.5 తీసేస్తే 35. అచ్చు అంకె నిజమే.

ఇక గోడ మీద సుద్దముక్కతో లెక్క. అంగుళం వెడల్పు పెరిగింది కాబట్టి అటు 12.7, ఇటు 12.7. ఆఫ్‌సెట్ 10 తగ్గింది. అంటే బయటికి 22.7, లోపలికి 2.7.

"రెండు సెంటీమీటర్ల పైనే బయటికొస్తది బాబూ. నలుగురెక్కి గుంతలో పడితే మడ్గార్డు అంచు టైరుని కోసేస్తది."

నన్ను అంతకన్నా భయపెట్టేది కంటికి కనబడనిది. బండి బరువు బేరింగు మీద పడే తీరే మారిపోతుంది. అది ముందే అరుగుతుంది, గుంత గుంతకీ స్టీరింగ్ చేతిలో లాగుతుంది. అందం కోసం స్పేసర్లు వేసి చక్రాల్ని ఇంకా బయటికి నెట్టేవాళ్లు ఈ లెక్క ఒక్కసారి వేసుకోవాలి.

కుర్రాడి మొహం వాడింది. లోపలి గదిలోంచి మరో రకం వచ్చింది: 6.5జె, ఈటీ 40. బయటికి 11.35, లోపలికి 1.35. మధ్య బెజ్జం హబ్బు మీద కాస్త వదులు, రింగు వేశాడు. చక్రం ఎక్కించి, కింది ఆర్ము కింద జాకీ పెట్టి స్ప్రింగు అణిగేదాకా లేపాడు.

"స్టీరింగ్ పూర్తిగా ఇటు తిప్పు. ఇప్పుడు అటు."

టైరుకీ షాక్ అబ్జార్బర్‌కీ మధ్య వేలు దూరింది. మడ్గార్డు కిందా దూరింది. నట్లు ఎదురెదురుగా, టార్క్ రెంచి టక్కుమనేదాకా బిగించాడు.

"వంద కిలోమీటర్లు తిరిగాక ఓసారి రా. బిగింపు మళ్లీ చూడాలి."