సికింద్రాబాదులో ప్రపంచ సంగీతం: కంటోన్మెంటు బ్యాండు నుంచి నేటి వర్క్‌షాపుల దాకా

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని కార్యదర్శి గారు అడిగారు. రైల్వే చరిత్ర రాయడానికి నాకన్న అర్హులు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత మన ఊరి సంగీతాన్ని గురించి రాస్తున్నాను. ఇది రైల్వేకు అంత దూరమైన విషయమేమీ కాదని చివరిదాకా చదివినవారు ఒప్పుకుంటారని నా నమ్మకం.

మొన్నామధ్య మా మనవరాలు ఒక కరపత్రం తెచ్చి చూపించింది. "తాతయ్యా, ప్రపంచ సంగీతం మీద వర్క్‌షాపట. సాయంత్రం కచేరీ కూడా ఉంది. వెళ్ళనా?" అంది. "వర్క్‌షాపులో సంగీతమేమిటే, అక్కడ బోగీలు బాగుచేస్తారు కదా!" అన్నాను. అది పకపకా నవ్వింది. మన తరం వాళ్ళకు వర్క్‌షాపు అంటే 1893లో వెలిసిన లాలాగూడ వర్క్‌షాపే మరి.

తర్వాత ఆలోచిస్తే ఆ మాటలో తప్పేమీ లేదనిపించింది. బండి ఆగగానే పొడుగు పిడి సుత్తితో చక్రాలను ఒక్కొక్కటే తట్టుకుంటూ పోయే మనిషిని గుర్తుచేసుకోండి. మంచి చక్రం గంటలా మోగుతుంది. బీట పడిన చక్రం బొంగురుగా పలుకుతుంది. ఆ తేడా ఎవరూ పుస్తకంలో చదివి నేర్చుకోలేదు. అనుభవజ్ఞుడి పక్కన నిలబడి, ఆయన విన్నది తానూ విని నేర్చుకున్నారు. సంగీతమూ అంతే. పరాయి దేశపు సంగీతం మన ఊళ్ళో నిలిచిందంటే ఎవరో ఒకరు ఇంకొకరి పక్కన కూర్చుని నేర్చుకోబట్టే నిలిచింది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఇదే.

మాట ఎక్కడిది?

"ప్రపంచ సంగీతం" అనే మాట పుట్టుకలో మన దక్షిణాదికీ కొంత భాగం ఉంది. రాబర్ట్ బ్రౌన్ అనే అమెరికన్ పండితుడు మద్రాసు వచ్చి మృదంగం నేర్చుకున్నాడు. తిరిగి వెళ్ళి, 1960 దశకం తొలి సంవత్సరాల్లో వెస్లియన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతూ ఈ మాటను వాడుకలోకి తెచ్చాడు. ఒక జాతి సంగీతాన్ని గురించి చదివితే చాలదు, ఆ విద్వాంసుణ్ణే పిలిపించి విద్యార్థుల ఎదుట కూర్చోబెట్టాలి అన్నది ఆయన పద్ధతి. అలా వెళ్ళిన టి. రంగనాథన్ అక్కడ మృదంగం నేర్పారు. ఆ విశ్వవిద్యాలయంలోనే జాన్ హిగ్గిన్స్ అనే అమెరికన్ యువకుడికి కర్ణాటక సంగీతం అబ్బింది. తిరువయ్యారు ఆరాధనలో త్యాగరాజస్వామి తెలుగు కృతిని పాడి, "హిగ్గిన్స్ భాగవతార్" అనిపించుకున్నాడు. 1984లో రోడ్డు ప్రమాదంలో ఆయన మరణించినప్పుడు ఇక్కడి రసికులు కూడా కంటతడి పెట్టారు. 1987లో లండన్‌లో కొన్ని రికార్డు కంపెనీల వారు కలుసుకుని, దుకాణాల్లో క్యాసెట్లు సర్దుకునే వీలు కోసం ఇదే మాటను వ్యాపార శీర్షికగా ఖాయం చేసుకున్నారు.

మాట అప్పటిదే కాని పని మన ఊరికి కొత్త కాదు.

కంటోన్మెంటు ఇచ్చిన కానుక

1798లో నిజాముకూ ఈస్టిండియా కంపెనీకీ సైన్య సహకార ఒడంబడిక కుదిరింది. హుస్సేన్ సాగర్ ఉత్తరపు వైపున కంపెనీ సైన్యం విడిది చేసింది. 1806లో మూడవ నిజాము సికిందర్ జా పేరు మీదుగా ఆ ప్రాంతానికి సికింద్రాబాదు అని పేరు వచ్చింది. అంటే మన ఊరు పుట్టుకతోనే సైనికుల ఊరు. సైన్యం ఉన్నచోట బ్యాండు ఉండవలసిందే. తెల్లవారుజామున సైనికులను లేపడానికి బూర, కవాతుకు డ్రమ్ము, ఆదివారం చర్చికి నడిపించడానికి బ్యాండు, సాయంత్రం దొరల విందుకు మళ్ళీ బ్యాండు. క్లారినెట్, కార్నెట్, ట్రంపెట్, యుఫోనియం, పెద్ద డ్రమ్ము, చిన్న డ్రమ్ము అన్నీ ఈ దారినే మన చెవిన పడ్డాయి.

ఇక్కడికి వచ్చిన దళాలు ప్రధానంగా మద్రాసు సైన్యానివి. ఆ మద్రాసులో ఇలాంటి కలయిక అప్పటికే జరుగుతూ ఉంది. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1859) యూరోపియన్ వాద్యగాని దగ్గర వయొలిన్ నేర్చుకుని, దానిని మన సంగీతానికి అనువుగా మలిచారు. ముత్తుస్వామి దీక్షితులు కోటలో బ్యాండు వాయించే బాణీలు విని, వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. ఇంగ్లీషు "నోట్" అనే మాట నుంచి వాటికి "నోట్టుస్వరాలు" అని పేరు వచ్చింది. దాదాపు నలభై దాకా ఉన్న వీటిలో బ్రిటిష్ వారి జాతీయగీతం బాణీ కూడా ఒకటి. రాజుగారిని స్తుతించే బాణీ అమ్మవారి స్తోత్రమైందన్నమాట!

ఆ వయొలిన్ ఒక శతాబ్దం గడిచేసరికి ఎంతగా మనదైపోయిందంటే, 1919లో విజయనగరంలో మహారాజా వారు సంగీత కళాశాల స్థాపించినప్పుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులై, 1936లో దానికే అధ్యక్షులయ్యారు. పక్కవాద్యంగా ఉన్న వయొలిన్‌తో ఒంటరి కచేరీ చేసి మెప్పించిన ఘనత ఆయనది. ఇప్పుడు వయొలిన్‌ను విదేశీ వాద్యమని ఎవరంటారు? మన సికింద్రాబాదు భక్త రామదాసు ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలకు వయొలిన్ పెట్టె భుజాన వేసుకుని వెళ్ళే పిల్లల్ని అడిగి చూడండి.

క్లారినెట్ కథ వేరు. అది నాట్య మేళాల్లోకి, అక్కడక్కడ కచేరీ వేదికకూ ఎక్కినా, ఎక్కువగా పెళ్ళి ఊరేగింపులోనే స్థిరపడింది. సైనిక బ్యాండుల్లో పనిచేసి వచ్చినవారూ, వారి దగ్గర నేర్చుకున్నవారూ బ్యాండు మేళాలు కట్టారు. ఎర్ర కోటు, జలతారు భుజకీర్తులు, తలపాగా అంతా సైన్యం వేషమే. వాయించేది మాత్రం సినిమా పాట. వాద్యాలను ఉత్తరాది మీరట్‌లోని జలీ కోఠీ వీధి కంసాలులు తయారుచేసి దేశమంతటికీ పంపేవారు, ఇప్పటికీ పంపుతున్నారు.

ఏసీ గార్డ్స్ అంటే...

సైన్యం వెంట వచ్చిన సంగీతం యూరప్‌ది ఒక్కటే కాదు. మాసాబ్ ట్యాంకు దగ్గరి ఏసీ గార్డ్స్ పేరు విని ఏదో చల్లటి ప్రదేశమనుకునే కుర్రకారు ఉన్నారు. ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, అనగా ఆఫ్రికా అశ్వికదళం. వనపర్తి సంస్థానం నుంచి నిజాము సైన్యంలోకి వచ్చిన సిద్దీల దళం అది. యెమెన్ ప్రాంతపు హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల వారసులు పాతబస్తీ అవతల బార్కస్‌లో స్థిరపడ్డారు. బార్కస్ అనేది "బ్యారక్స్" అనే మాటకు వచ్చిన రూపమే. వీరి సంగీతమే మర్ఫా. 1948 తర్వాత నిజాము సైన్యం రద్దయి, ఆ కుటుంబాల్లో ఎందరికో కొలువు పోయింది. మర్ఫా మాత్రం పోలేదు. పెళ్ళి ఊరేగింపుల్లో మతం చూడకుండా మోగింది. నేడు బోనాలకూ గణేశ్ నిమజ్జనానికీ కుర్రాళ్ళు ఊగిపోయే "తీన్మార్" ఈ మర్ఫాతో ముడిపడిన దరువే. ఆఫ్రికా తీరం నుంచి ఉజ్జయినీ మహంకాళి గుడి వీధి దాకా ఆ దరువు చేసిన ప్రయాణానికి ఏ కరపత్రమూ వేయలేదు!

రైల్వే క్వార్టర్ల పియానో

ఇక మన విషయానికి వద్దాం. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. దాని వెంట డ్రైవర్లుగా, గార్డులుగా, ఫోర్‌మన్లుగా ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు వచ్చాయి. 1950 దశకంలో నేను చిన్నపిల్లవాడిగా ఉన్నప్పుడు మా మెట్టుగూడ వైపు శనివారం సాయంత్రాలు ఇన్‌స్టిట్యూట్‌లో డాన్సు ఉండేది. పియానో, శాక్సోఫోను, డ్రమ్ములు మోగేవి. లోపలికి రానిచ్చేవారు కాదు కనుక గోడ పక్కన నిలబడి వినేవాళ్ళం. అదే రోడ్డులో రెండు క్వార్టర్లు దాటితే మామీ గారింట్లో సరళీ స్వరాలు, ఇంకో ఇంట్లో హార్మోనియం మీద ఖవ్వాలీ. అమ్మ కేకేసేదాకా ఏది వినాలో తెలిసేది కాదు. స్వాతంత్ర్యం తర్వాత ఆ కుటుంబాల్లో చాలామంది ఇంగ్లండుకూ, ఆస్ట్రేలియాకూ, కెనడాకూ తరలిపోయారు. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడేనాటికే ఆ శనివారాలు పలచబడ్డాయి. గోడ అవతల నిలబడి విన్న మేము ఆ బాణీలను జ్ఞాపకం ఉంచుకున్నాము గాని, ఒక్కటీ నేర్చుకోలేదు.

వినడానికీ నేర్చుకోవడానికీ ఉన్న తేడా ఏమిటో మాండొలిన్ శ్రీనివాస్ గారి జీవితం చెబుతుంది. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆ బాలుడు ఇటలీ వాద్యమైన మాండొలిన్ పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారికి మాండొలిన్ వాయించడం రాదు. ఆయన గొంతెత్తి పాడేవారు, పిల్లవాడు దానిని తీగల మీద పలికించేవాడు. అంతే పాఠం! 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవాల్లో తొలి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవం. తరువాత జాన్ మెక్‌లాఫ్లిన్, జాకిర్ హుస్సేన్‌ల సరసన "రిమెంబర్ శక్తి" బృందంలో చోటు. 2014లో 45 ఏళ్ళకే ఆయన కన్నుమూయడం మన దురదృష్టం. ప్రపంచ వేదిక మీది ఆ కచేరీల వెనుక ఉన్నది పశ్చిమ గోదావరిలో ఒక గురువు, ఒక శిష్యుడు ఎదురెదురుగా కూర్చున్న గది. నా దృష్టిలో అసలైన వర్క్‌షాపు అదే.

ఒక తప్పు ఒప్పుకోవాలి

ఇంత రాసిన తర్వాత నా సంగతి ఒకటి చెప్పకుండా ముగిస్తే న్యాయం కాదు.

1979లో మా చెల్లెలి పెళ్ళి. భోజనాల ఏర్పాటు నాది. బ్యాండు మేళం వారు సాయంత్రం ఆరింటి నుంచి రాత్రి పదకొండు దాకా వాయించారు. వారికి విస్తళ్ళు వేసేసరికి పన్నెండు దాటింది. అదీ పందిరి వెనకాల, వంట పాత్రల పక్కన. పెరుగు అయిపోయింది. ఎవరూ ఏమీ అనలేదు. చేతులు కడుక్కున్నాక క్లారినెట్ ముసలాయన అరుగు మీద కూర్చుని, తనకోసమే అన్నట్టు మెల్లగా ఏదో వాయించుకున్నాడు. అది సినిమా పాట కాదు. చిన్నప్పుడు మామీ గారింట్లో విన్న నోట్టుస్వరం! నేను దగ్గరికి వెళ్ళి, "తాతా, ఇది నీకెట్లా వచ్చు?" అని అడిగాను.

"మా ఉస్తాద్ నేర్పిండు సారూ. ఆయన తిరుమలగిరి పల్టన్ల ఉండె. కాయితం మీద రాసుడు మాకు తెల్వది. ఆయన ఊదుతుంటె నేను పక్కన కూసోని ఊదిన" అన్నాడు. ఆ తర్వాత లేచి, డ్రమ్ముల బండి ఎక్కి వెళ్ళిపోయాడు. ఆయన పేరైనా నేను అడగలేదు.

కొన్నేళ్ళకు రవీంద్ర భారతిలో ఒక విదేశీ వాద్యకారుని కచేరీకి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళాను. అందరితోపాటు లేచి నిలబడి చప్పట్లు కొట్టాను. ఆయన గొప్ప విద్వాంసుడే, సందేహం లేదు. కాని ఇంటికి వస్తూ బస్సులో కూర్చుంటే ఆ ముసలాయన గుర్తొచ్చాడు. కోట నుంచి దీక్షితుల వారికీ, ఆయన నుంచి మా మామీ గారికీ చేరిన బాణీ, పటాలం నుంచి ఉస్తాదుకూ, ఉస్తాదు నుంచి ఆయనకూ ఇంకొక దారిన చేరింది. ఆ రెండు దారులూ మా ఇంటి అరుగు మీద కలిస్తే నేను ఆయనకు పెరుగన్నం కూడా పెట్టలేకపోయాను. తప్పు ఎవరిదో కాదు, ఏర్పాటు చూసిన నాదే.

చేయదగినది

బ్యాండు మేళాలు తగ్గిపోతున్నాయి. డీజే పెట్టెలు వచ్చాక పదిహేను మంది చేసే పని ఒక కుర్రవాడు మీట నొక్కి చేస్తున్నాడు. 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. అయితే నిషేధంతో నిశ్శబ్దం వస్తుంది గాని క్లారినెట్ వాయించే చేతులు రావు. అందుకు నేర్పేవారూ, నేర్చుకునేవారూ కావాలి.

అందుచేత సంఘానికి నాదొక మనవి. ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటున్నాం. సన్మానాలూ శాలువాలూ ఎలాగూ ఉంటాయి. ఈసారి ఒక బ్యాండు మేళాన్నీ, ఒక మర్ఫా బృందాన్నీ ఊరేగింపుకు కాక, సభకు పిలుద్దాం. మనవలూ మనవరాళ్ళనూ వెంట తెచ్చుకుని వాళ్ళ ఎదుట కూర్చోబెడదాం. ఒక గంటసేపు క్లారినెట్ ఎలా పట్టుకోవాలో, దరువు ఎక్కడ పడుతుందో పిల్లలకు చూపించమని వారిని అడుగుదాం. దానికి వర్క్‌షాపు అని పేరు పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

భోజనాల బాధ్యత నాకు ఇప్పించవలసిందిగా కోరుతున్నాను. మొదటి పంక్తి వారిది. పెరుగు నేనే వడ్డిస్తాను. ఈసారి పేర్లు కూడా అడిగి రాసుకుంటాను.