గడ్డను లాగివేసే వైద్యం ముదిమిని చేరిన తీరు

పక్షవాతాల్లో అధికభాగం మెదడుకు నెత్తురు అందించే ధమని గడ్డతో మూసుకుపోవడం వల్ల వచ్చేవే. వయసు మళ్లేకొద్దీ గుండె పైగదులు లయ తప్పి కొట్టుకునే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బు పెరుగుతుంది గనుక, అక్కడ నిలిచిన నెత్తురు గడ్డకట్టి మెదడులోని పెద్ద ధమనికి అడ్డం పడే ప్రమాదం వృద్ధులకే ఎక్కువ. అయినా కొత్త చికిత్సలు వారిదాకా ఆలస్యంగానే చేరాయి.

గడ్డను కరిగించే ఆల్టెప్లేజ్ ఇంజెక్షన్‌కు అమెరికాలో 1996లో అనుమతి లభించగా, దానిని ఇచ్చే గడువును మూడు గంటల నుంచి నాలుగున్నర గంటలకు పొడిగించిన 2008 నాటి యూరప్ పరిశోధన 80 ఏళ్లు దాటినవారిని చేర్చుకోనేలేదు. పైగా పెద్ద ధమనిలో ఇరుక్కున్న పొడవాటి గడ్డ ఆ మందుకు తరచుగా లొంగదు. అందువల్లనే గజ్జ దగ్గరి ధమని గుండా సన్నని గొట్టాన్ని మెదడుదాకా పంపి గడ్డను లాగివేసే థ్రాంబెక్టమీ రూపొందింది. 2004లో అమెరికాలో అనుమతి పొందిన మెర్సీ పరికరం మెలితిరిగిన తీగ కాగా, తరువాత వచ్చిన స్టెంట్ రిట్రీవర్ గడ్డలోపల వలలా విచ్చుకుని దానిని పట్టి వెనక్కి తెచ్చే లోహపు జాలీ. ధమని ఉబ్బుల చికిత్సలో ఆసరాకోసం తయారైన సాలిటేర్ స్టెంటును 2008లో జర్మనీలోని స్టుట్‌గార్ట్ వైద్యులు గడ్డ తీయడానికి వాడడంతో ఈ మలుపు వచ్చింది.

ఎక్కువగా పాత పరికరాలతో జరిగిన మూడు పరిశోధనలు 2013లో నిరాశపరిచాయి. వయోపరిమితి పెట్టకుండా 500 మందిపై నెదర్లాండ్స్‌లో జరిగిన మిస్టర్ క్లీన్ పరిశోధన 2015లో ఆ నిరాశను తొలగించింది. మరుసటి ఏడాది ఐదు పరిశోధనల్లోని 1287 మంది వివరాలను కలిపి చూసినప్పుడు 80 దాటినవారికీ మేలు స్పష్టమైంది. వారిలో మరణాలు చిన్నవయసువారికంటే ఎక్కువే అయినా, పోల్చవలసింది చిన్నవారితో కాదు, ఈ చికిత్స అందని అదే వయసువారితో.

నేడు ముండ్లమూరు వంటి పడమటి ప్రకాశం జిల్లా పల్లెల్లో వృద్ధులకు వయసుకంటే దూరమే పెద్ద అడ్డంకి. ధమనిలోకి గొట్టం పంపి చికిత్స చేసే క్యాథ్ ల్యాబ్, అందులో ఈ పని చేయగల నిపుణులు ఉండేది ఎక్కువగా నగరాల ఆస్పత్రులలోనే. అక్కడికి చేర్చే తొలి ఆసరా 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అంబులెన్స్. దారిలో ఆలస్యమైనా ఆశ మిగిలే ఉంటుంది: 2018లో ప్రచురితమైన డాన్ పరిశోధన, మెదడులో బతికించదగిన భాగం మిగిలినట్టు స్కాన్ చూపితే 24 గంటలదాకా గడ్డను తీయవచ్చునని తేల్చింది. 80 దాటినవారికి అందులో విడిగా కఠినమైన కొలమానం పెట్టారు. ఆ గంటలను లెక్కించేది రోగి చివరిసారి మామూలుగా కనిపించిన క్షణం నుంచి గనుక, తెల్లవారి లేచేసరికే మూతి వంకరపోయిన అవ్వ రాత్రి ఎన్నింటికి బాగా మాట్లాడిందో ఇంటివారు వైద్యునికి చెప్పగలగాలి.