ఆదిత్య 369 - కువైట్ పొగ

సింగీతం శ్రీనివాసరావు గారి 'ఆదిత్య 369' 1991 జూలై 18న విడుదలైంది. అప్పటికి కువైట్‌లో చమురు బావులు ఇంకా మండుతూనే ఉన్నాయి. చివరి బావి ఆరింది నవంబరు 6న. 1990లో అమ్మాన్ మీదుగా విమానాల్లో స్వదేశం చేరిన సుమారు 1,70,000 మంది భారతీయుల్లో మన తెలుగువారూ ఎందరో.

ఆ చిత్రంలోని కాలయంత్రం ముందు 1526 నాటి రాయలవారి కొలువుకు, ఆపైన 2504కు తీసుకువెళుతుంది. 2025లో సినిమా మళ్లీ విడుదలైంది. పాత అభిమానులు ఎక్కువగా తలచుకొని మురిసేది రాయల కొలువునే. కానీ మూడో ప్రపంచయుద్ధం తర్వాత రేడియేషన్‌కు వెరచి మనుషులు నేల కింద బతికే ఆ భవిష్యత్తు, పట్టపగలే పొగచీకటి కమ్మిన కువైట్‌కు వట్టి ఊహ కాదు.

పిల్లలకు ఈ సినిమా చూపేటప్పుడు, ఆ రెండో ప్రయాణం దగ్గర కాసేపు ఆపి, ఆనాటి కువైట్ కథను పెద్దవారి చేత చెప్పించండి.