తెలుగు సైన్స్ ఫిక్షన్, అద్భుత చిత్రాల్లో కథానాయికలు

తెలుగు సైన్స్ ఫిక్షన్ సినిమాల్లోనూ, వాటికి ముందుతరమైన జానపద అద్భుత చిత్రాల్లోనూ కథను నడిపిన స్త్రీ పాత్రల చరిత్ర ఇది. 1953 నాటి ‘చండీరాణి’ నుంచి 2024 నాటి ‘కల్కి 2898 ఏడీ’ వరకు ఈ చరిత్రలో ఒక లక్షణం స్థిరంగా కనబడుతుంది. మన అద్భుత చిత్రాలు స్త్రీకి శక్తిని ధారాళంగా ఇచ్చాయి, కథ ఏ దారిన పోవాలో నిర్ణయించే హక్కును మాత్రం అరుదుగా ఇచ్చాయి. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలున్న పూర్వపు నల్లగొండ జిల్లాకు ఈ చరిత్రతో దగ్గరి సంబంధం ఉంది. జానపద చిత్రాల కత్తివీరుడు కాంతారావు పుట్టిందీ, తెలంగాణ సాయుధ పోరాటంలో దళాన్ని నడిపిన మల్లు స్వరాజ్యం పుట్టిందీ ఈ నేల మీదే.

జానపద చిత్రాల వారసత్వం

తెలుగు తెరకు యంత్రాలకన్నా ముందు మంత్రాలు వచ్చాయి. మాయా దర్పణం, ఆకాశయానం, పరకాయ ప్రవేశం వంటివి సైన్స్ ఫిక్షన్ పరికరాలు చేసే పనినే చేసేవి. 1951లో వచ్చిన ‘పాతాళ భైరవి’ ఈ తరహా కథకు నమూనా అయింది. అందులో రాజకుమారి కోసం నాయకుడు సాహసం చేస్తాడు, మాంత్రికుడు ఆమెను ఎత్తుకుపోతాడు, నాయకుడు విడిపించి తెస్తాడు. ఆమె చుట్టూ కథ తిరుగుతుందే తప్ప ఆమె కథను తిప్పదు.

రెండేళ్ల తరువాత ఆ నమూనాను పక్కన పెట్టినవారు భానుమతీ రామకృష్ణ. తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీసిన ‘చండీరాణి’తో ఆమె దర్శకురాలయ్యారు. కవల అక్కచెల్లెళ్లుగా రెండు పాత్రలూ తానే ధరించారు. ఎన్.టి.రామారావు నాయకుడిగా ఉన్న ఆ చిత్రానికి పేరు మాత్రం నాయికదే. కెమెరా వెనకా ముందూ ఒకే స్త్రీ నిలిచిన ఆ ప్రయత్నాన్ని పరిశ్రమ అందిపుచ్చుకుని ఉంటే తరువాతి కథ మరోలా ఉండేది.

అలా జరగలేదు. జానపద బ్రహ్మగా పేరొందిన బి.విఠలాచార్య కాలంలో కత్తి నాయకుడి చేతికే పోయింది. ఆ కత్తిని ఎక్కువగా పట్టినవారు తాడేపల్లి లక్ష్మీ కాంతారావు. కోదాడ దగ్గరి గుడిబండ గ్రామంలో 1923 నవంబర్ 16న పుట్టిన ఆయన ‘జయ విజయ’ (1959), ‘గురువును మించిన శిష్యుడు’ (1963), ‘జ్వాలాద్వీప రహస్యం’ (1965) వంటి విఠలాచార్య చిత్రాలతో ‘కత్తి కాంతారావు’ అయ్యారు. నారదుడిగా, కృష్ణుడిగా కూడా ప్రేక్షకులకు ప్రీతిపాత్రులు. రఘుపతి వెంకయ్య పురస్కారం అందుకున్నారు. 2009 మార్చి 22న కన్నుమూశారు. ఆ చిత్రాల్లో కృష్ణకుమారి, రాజశ్రీ వంటి ప్రతిభావంతులైన నాయికలున్నా శాపమూ, చెరా, పెళ్లీ వాళ్ల వంతు. సాహసం నాయకుడి వంతు. ఈ పంపకమే తరువాత సైన్స్ ఫిక్షన్‌లోకీ నడిచివచ్చింది.

కాలయంత్రం ఎక్కిన నాయిక

సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో శ్రీదేవి మూవీస్ నిర్మించిన ‘ఆదిత్య 369’ 1991 జులై 18న విడుదలైంది. హెచ్.జి.వెల్స్ నవల స్ఫూర్తితో అల్లిన ఈ కథలో కాలయంత్రం పాత్రలను 1526 నాటి విజయనగరానికీ, 2504 నాటి లోకానికీ తీసుకుపోతుంది. బాలకృష్ణ కృష్ణకుమార్‌గా, శ్రీకృష్ణదేవరాయలుగా రెండు పాత్రలు ధరించారు. మోహిని పోషించిన హేమ, యంత్రాన్ని తయారుచేసిన ప్రొఫెసర్ రామదాసు కూతురు. ఆమె ఇంట్లో కూర్చుని ఎదురుచూడదు, నాయకుడితో పాటు కాలంలో ప్రయాణిస్తుంది. తెలుగు సినిమాకు అది ముందడుగే. కానీ శాస్త్రజ్ఞుడి ఇంట పుట్టి పెరిగిన అమ్మాయికి శాస్త్రం తెలిసి ఉండవచ్చుననే ఊహను స్క్రీన్‌ప్లే వాడుకోలేదు.

అప్పటికి పాశ్చాత్య సినిమా ఆ గీత దాటింది. 1979లో ‘ఏలియన్’లో సిగర్నీ వీవర్ పోషించిన రిప్లీ, వ్యోమనౌకలో నియమాలు తెలిసిన ఉద్యోగినిగా నిర్ణయాలు తీసుకుంటుంది, చివరికి మిగిలేదీ ఆమే. దాని తరువాయి ‘ఏలియన్స్’ (1986) ఆమెకు ఆస్కార్ నామినేషన్ తెచ్చింది. భారతీయ సాహిత్యం ఇంకా ముందే అక్కడికి చేరింది. బెంగాలీ రచయిత్రి రొకెయా హుస్సేన్ 1905లో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’లో సూర్యశక్తినీ ఆకాశంలోని నీటినీ స్త్రీలే వినియోగంలోకి తెచ్చి రాజ్యం నడుపుతారు. నాయిక చేతికి శాస్త్రం ఇవ్వడం దిగుమతి చేసుకోవలసిన ఆలోచన కాదని ఈ ఒక్క కథ చాలు చెప్పడానికి.

దేవత, రాణి

1990లో ‘కర్తవ్యం’ విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చి, నాయిక పేరు మీద సినిమా ఆడుతుందని రుజువు చేసింది. అద్భుత చిత్రాల్లో ఆ ధైర్యం చేసినవారు దర్శకుడు కోడి రామకృష్ణ, నిర్మాత ఎం.శ్యాంప్రసాద్ రెడ్డి. 1995 నాటి ‘అమ్మోరు’లో గ్రామదేవతగా రమ్యకృష్ణ, భక్తురాలిగా సౌందర్య నటించారు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌ను విస్తారంగా వాడిన తొలి తెలుగు చిత్రాల్లో ఇదొకటి. 2009లో అనుష్క నాయికగా ‘అరుంధతి’ సంక్రాంతికి వచ్చి ఘనవిజయం సాధించింది. స్టార్ హీరో లేని సినిమా బి, సి సెంటర్లలో, అంటే చిన్న పట్టణాల్లో, ఆడదన్న వాణిజ్య వర్గాల నమ్మకాన్ని అది బలంగా దెబ్బతీసింది. మన విజువల్ ఎఫెక్ట్స్ చరిత్రలోని ఈ రెండు మైలురాళ్లూ స్త్రీ ప్రధాన చిత్రాలే కావడం గుర్తుంచుకోవలసిన విషయం.

రెండు భాగాల ‘బాహుబలి’ (2015, 2017) భారీ ఫ్రాంచైజీల యుగాన్ని తెరిచింది. రమ్యకృష్ణ పోషించిన శివగామి సింహాసనం ఎవరిదో నిర్ణయిస్తుంది. ఆమె మాట పొరపాటయితే రాజ్యమే కూలుతుంది. అనుష్క పోషించిన దేవసేన తన పెళ్లి తన ఇష్టమని సభలో ఎదురు నిలుస్తుంది. వీరిద్దరూ లేకపోతే రెండో భాగానికి కథే లేదు. అదే ఫ్రాంచైజీ మొదటి భాగంలో తమన్నా పోషించిన పోరాటయోధురాలు అవంతిక ప్రేమలో పడగానే ఆమె లక్ష్యం నాయకుడి భుజానికి మారిపోయింది. ఆమె అనుమతి లేకుండా నాయకుడు ఆమెను అలంకరించే సన్నివేశం మీద అప్పట్లో గట్టి విమర్శ వచ్చింది. ఆ విమర్శ న్యాయమైనది.

నాయికలు పెరిగిన దశాబ్దం

2018 నుంచి తెలుగులో సైన్స్ ఫిక్షన్ ఒరవడి ఊపందుకుంది. ప్రశాంత్ వర్మ తొలి చిత్రం ‘అ!’ (2018)లో కాజల్ అగర్వాల్, నిత్యా మీనన్, రెజీనా, ఈషా రెబ్బా వంటి నటీమణులే ప్రధానం. కాలయంత్రం తయారుచేయాలనుకునే యువకుడి ఉపకథ పక్కనే, ఇద్దరు యువతుల ప్రేమను వెక్కిరింత లేకుండా చూపిన అరుదైన తెలుగు చిత్రమిది. మేకప్, స్పెషల్ ఎఫెక్ట్స్ విభాగాల్లో జాతీయ పురస్కారాలు గెలిచింది. అదే ఏడాది డిసెంబర్‌లో సంకల్ప్ రెడ్డి ‘అంతరిక్షం’లో వ్యోమనౌక బృందంలో అదితిరావు హైదరి ఒకరు. 2019లో నందినీరెడ్డి దర్శకత్వం వహించిన ‘ఓ బేబీ’, వృద్ధురాలు యువతిగా మారే అద్భుతాన్ని ఆమె తీరని కోరికల కథగా మలిచింది.

2022లో రెండు చిత్రాలు రెండు దిక్కులు చూపాయి. ‘ఒకే ఒక జీవితం’లో కొడుకు కాలంలో వెనక్కి వెళ్లేది తల్లి కోసం, అమల పోషించిన ఆ తల్లి పాత్ర మనసును తాకుతుంది, అయితే ప్రయాణం కొడుకుదే. ‘ఆదిత్య 369’ తీసిన శ్రీదేవి మూవీస్ సంస్థే నవంబర్‌లో సమంత ప్రధాన పాత్రలో ‘యశోద’ విడుదల చేసింది. అద్దెగర్భం చుట్టూ సాగే నేరాన్ని ఛేదించేది నాయిక, ఆ సామ్రాజ్యాన్ని నడిపేది కూడా స్త్రీయే. హేమ నుంచి యశోద దాకా ఒకే సంస్థ 31 ఏళ్లలో నడిచిన దూరమిది.

‘కల్కి’, ‘హనుమాన్’

2024 జూన్ 27న విడుదలైన ‘కల్కి 2898 ఏడీ’ దర్శకుడు నాగ్ అశ్విన్, అంతకుముందు సావిత్రి జీవితాన్ని ‘మహానటి’గా తీసినవారు. నిర్మాత అశ్వనీదత్‌తో పాటు ఆయన కుమార్తెలు స్వప్న, ప్రియాంక నిర్మాణంలో కీలకం. సింగీతం శ్రీనివాసరావు మార్గదర్శిగా సహకరించారు. కథలో కాంప్లెక్స్ అనే పాలక కేంద్రం స్త్రీల గర్భాలను ప్రయోగశాలలుగా వాడుకుంటుంది. దీపికా పదుకోణె పాత్రకు పేరు కూడా ఉండదు, సుమ్-80 అనే గుర్తింపు మాత్రమే. గర్భాన్ని దాచుకుని, మంటల్లోంచి నడిచి బయటపడ్డ తరువాత ఆమె సుమతి అవుతుంది. తిరుగుబాటుదారుల స్థావరమైన శంబలలో శోభన పోషించిన మరియమ్ నాయకురాలు, అన్నా బెన్ పోషించిన కైరా ప్రాణమిచ్చి పోరాడే యోధురాలు. నాయకుడి వాహనం బుజ్జికి కీర్తి సురేష్ గొంతు ఇచ్చారు.

స్త్రీ శరీరంపై అధికారం ఎవరిదన్న ప్రశ్నను ఇంత భారీ చిత్రం కథాకేంద్రంలో పెట్టడం విశేషం. ఆ కేంద్రంలో ఉన్న స్త్రీ మాత్రం ఎక్కువ భాగం కాపాడబడుతూ ఉంటుంది; పోరు ఆమెను కాచే అశ్వత్థామకూ, నాయకుడు భైరవకూ మధ్య సాగుతుంది. 2025 సెప్టెంబర్‌లో తరువాయి భాగంలో దీపిక ఉండరని నిర్మాణ సంస్థ ప్రకటించింది.

2024 సంక్రాంతికి వచ్చిన ప్రశాంత్ వర్మ ‘హనుమాన్’లో వరలక్ష్మీ శరత్‌కుమార్ పోషించిన అంజమ్మ, తమ్ముడిని కాపాడేందుకు పెళ్లిచీరలోనే కొబ్బరిగెల అందుకుని శత్రువులను చితకబాదుతుంది. థియేటర్లలో ఈలలు పడ్డ సన్నివేశమది. ఆ తరువాత కథ ఆమె ప్రాణం తీసి, ఆ దుఃఖాన్ని తమ్ముడి శక్తిగా మార్చింది. అదే ప్రశాంత్ వర్మ సినిమాటిక్ యూనివర్స్‌లో పూజా అపర్ణ కొల్లూరు దర్శకత్వంలో ‘మహాకాళి’ 2024 అక్టోబర్‌లో ప్రకటితమైంది. నాయిక భూమి శెట్టి. నల్లని మేనిఛాయ గల స్త్రీని సూపర్‌హీరోగా నిలబెట్టే ప్రయత్నమిది. 2025లో మలయాళ చిత్రం ‘లోకా’ కల్యాణీ ప్రియదర్శన్ నాయికగా సాధించిన విజయం ఇలాంటి చిత్రాలకు మార్కెట్ ఉందని చూపింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ

2016 అక్టోబర్ 11న సూర్యాపేట కొత్త జిల్లా అయింది. కోదాడ అందులోనే ఉంది, మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలో మిగిలింది. మొదటి రెండూ హైదరాబాద్–విజయవాడ 65వ జాతీయ రహదారి మీదివి. మిర్యాలగూడ నడికుడి రైలుమార్గం మీద, సాగర్ ఎడమకాలువ ఆయకట్టులో, రైస్ మిల్లులకు పేరుపడ్డ ఊరు. సినిమా వ్యాపారంలో మూడూ నైజాం ఏరియా కిందికి వస్తాయి. ‘ఇలాంటివి పల్లెటూళ్లలో ఆడవు’ అంటూ నాయిక ప్రధాన కథలను పక్కన పెట్టేటప్పుడు సాకుగా చూపేది ఇలాంటి పట్టణాలనే.

ఈ ప్రాంత చరిత్ర ఆ మాటను ఒప్పుకోదు. ఇదే రహదారికి దగ్గరగా నకిరేకల్ మండలంలోని చందుపట్ల శాసనం 1289లో కాకతీయ రాణి రుద్రమదేవి మరణాన్ని నమోదు చేసింది. ఆమె కథను గుణశేఖర్ 2015లో అనుష్కతో త్రీడీ చిత్రంగా తీశారు. ఇప్పటి సూర్యాపేట జిల్లాలోని కర్విరాల కొత్తగూడెంలో 1931లో పుట్టిన మల్లు స్వరాజ్యం భూస్వామ్య కుటుంబానికి చెందినా కూలీల పక్షాన నిలిచారు. దళ నాయకురాలిగా తుపాకీ పట్టిన ఆమెపై పదివేల రూపాయల బహుమతి ప్రకటించారు. తుంగతుర్తి నుంచి 1978లోనూ, 1983లోనూ శాసనసభకు ఎన్నికయ్యారు. 2022 మార్చి 19న మరణించారు. ఎవరి భార్యగానో, తల్లిగానో కాక తన నిర్ణయంతో చరిత్రలో నిలిచిన స్త్రీ ఇక్కడి ప్రజలకు చిరపరిచితురాలు.

అంచనా

తెలుగు అద్భుత చిత్రాల్లో స్త్రీలు లేరనడం సరికాదు. శివగామి, అంజమ్మ, సుమతి ప్రేక్షకుల మనసులో ఉన్నారు. అయితే వారిలో చాలామంది తల్లులు, అక్కలు, దేవతలు. ఎవరినో కాపాడటానికో, ఎవరికో జన్మనివ్వడానికో వారి బలం ఖర్చవుతుంది. శాస్త్రవేత్తగా, వ్యోమనౌక నడిపేవారిగా, పొరపాటు చేసి దిద్దుకునే సామాన్యురాలిగా స్త్రీ కనిపించే చిత్రాలు వేళ్లమీద లెక్కించదగినవే. తెలుగమ్మాయిలకు ఈ పాత్రలు దక్కడం ఇంకా అరుదు. తెలంగాణ మాట మాట్లాడే శాస్త్రవేత్తో, దళిత కుటుంబం నుంచి వచ్చిన వ్యోమగామో నాయికగా ఉండే భారీ ఫ్రాంచైజీ ఇంకా రావలసే ఉంది.

దానికి కావలసినవన్నీ అందుబాటులో ఉన్నాయి. గ్రాఫిక్స్ సామర్థ్యం ఉంది, ‘అరుంధతి’ ఇచ్చిన వ్యాపార రుజువు ఉంది, నందినీరెడ్డి, పూజా కొల్లూరు వంటి దర్శకురాళ్లున్నారు. ఇక మారవలసింది రచన. ఒక చిత్రంలో ఎంతమంది స్త్రీలున్నారన్న లెక్క కన్నా, కథ మలుపు తిరిగే చోట నిర్ణయం ఎవరిదన్న ప్రశ్నే ఈ చరిత్రకు సరైన కొలత. ఆ కొలతకు నిలబడే చిత్రాన్ని తీయడం వచ్చే దశాబ్దపు తెలుగు సినిమా బాధ్యత.