కొల్లేటి అంచు

మంగమారిపేట రాళ్ల దగ్గర మేమిద్దరం పొద్దున్నే ఆరింటికల్లా ఉన్నాం. నేనూ, విశాఖలో ఉండే నా స్నేహితురాలూ. తొట్లకొండ దిగువన, భీమిలి రోడ్డు పక్కన, సముద్రం కోసి కోసి తోరణంలా మలిచిన రాయి ఉంది చూడండి, అక్కడ. ఇద్దరి మెడల్లోనూ కెమెరాలు. ఇద్దరికీ యాభై దాటాయి. రాళ్ల మీద పాకుడు. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని నడిచాం. అటుగా పోతున్న కుర్రాళ్లు "ఆంటీ, రీల్సా?" అని అరిచి నవ్వుకుంటూ వెళ్లారు. ఒక మగవాడు ట్రైపాడ్ పెట్టుకుని ఇదే రాయి ముందు నిలబడితే ఎవరూ ఏమీ అడగరు. అతను "ఫొటోగ్రాఫర్". మనం మాత్రం ఏదో సరదా తీర్చుకుంటున్న ఆడవాళ్లం.

ఫొటోలు బాగానే వచ్చాయి. రాయి కదలదు కాబట్టి దాన్ని తీయడం తేలికే. అల వచ్చి విరిగే క్షణం కోసం కాచుకుంటే చాలు. తిరిగొస్తూ టీ తాగుతుంటే ఆమె అంది: "మీ ఏలూరు వైపు ఇట్లాంటి ఒడ్డు లేదు కదే." నేను కాస్త రోషంగా "కొల్లేరు ఉందిగా" అన్నాను. "దానికి ఒడ్డెక్కడుంది?" అంది.

ఎగతాళికే అన్నా, ఆ మాట నన్ను వదల్లేదు. ఏలూరులో పుట్టి, పాతికేళ్లు రోజూ రైల్లో తాడేపల్లిగూడెం వెళ్లి పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. భీమడోలు దాటుతుంటే కిటికీలోంచి దక్షిణం వైపు చూసి, "అదిగో, అటు కొల్లేరు" అని కొత్తగా చేరిన టీచర్లకి చూపించినదాన్ని. చూపించింది ఏమిటంటే వరిచేలు, చేపల చెరువుల గట్లు, కొబ్బరి చెట్లు, వాటి వెనక ఒక తెల్లటి మసక. సరస్సు ఎక్కడ మొదలవుతుందో నాకూ తెలియదు.

అప్పట్నించీ వీలైనప్పుడల్లా కెమెరా పట్టుకుని కొల్లేటి గట్ల మీద నడుస్తున్నాను. కైకలూరు పక్కన ఆటపాక నించి మొదలుపెట్టాను, అందరిలాగే. అక్కడ గూడబాతులు, అదే పెలికాన్లు, అటవీ శాఖ వాళ్లు నాటిన ఇనుప స్టాండ్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. మొదటి రోజు రెండొందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూసుకుంటే అన్నిట్లోనూ పక్షులే. కొల్లేరు అని వెతికితే కనిపించే బొమ్మలన్నీ ఇవే కదా అనిపించింది. తెడ్డు వేస్తున్న మనిషిగానీ, బుట్ట నెత్తిన పెట్టుకున్న మనిషిగానీ ఫ్రేములోకి వస్తే నేనే కెమెరా పక్కకి తిప్పేశానని గుర్తొచ్చి సిగ్గేసింది.

ఒడ్డు సంగతికి వస్తాను. కొల్లేటికి ఒడ్డు లేదనడం అబద్ధం. చాలా ఒడ్లున్నాయి. కృష్ణా గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా లెక్కలేనన్ని మురుగు కాలవలు ఇందులోకి దిగుతాయి. బయటికి పోయే దారి ఒక్కటే, ఉప్పుటేరు. అది వంకర్లు తిరుగుతూ సుమారు అరవై కిలోమీటర్లు పోయి బంగాళాఖాతంలో కలుస్తుంది. వానాకాలంలో నీరు పరుచుకుంటుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. అందుకని ఇంజనీర్లు కొల్లేటిని సముద్ర మట్టానికి ఎన్ని అడుగుల ఎత్తన్న లెక్కతో కొలిచారు. పది అడుగుల కాంటూరు దాకా నీరుంటే సరస్సు 901 చదరపు కిలోమీటర్లు. అయిదు అడుగుల దగ్గర 308. మూడు అడుగులకు దిగితే 135. రెండడుగుల తేడాలో సగానికి పైగా సరస్సు మాయమైపోతుంది! మన నడుము దాకా కూడా రాని ఎత్తులో ఇన్ని వేల కుటుంబాల బతుకు ఉంది.

ఇంకా వెనక్కి వెళ్తే, సుమారు ఆరు వేల ఏళ్ల కిందట సముద్రపు అంచే ఇక్కడికి దగ్గర్లో ఉండేదని భూస్వరూప శాస్త్రజ్ఞులు చెబుతారు. నదులు ఒండ్రు తెచ్చి పోస్తుంటే సముద్రం వెనక్కి జరిగింది, వెనకాల పల్లం మిగిలింది. నా స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్పాను, మాకూ సముద్రతీరం ఉండేదే అని. "రాళ్లున్నాయా?" అంది. రాళ్లు లేవు. ఇసుక మెరకలూ, బురదా.

దండి 'దశకుమార చరిత్ర'లో మంత్రగుప్తుడి కథ చాలామంది చదివే ఉంటారు. ప్రియురాలు కొరికిన పెదవి నొప్పి వల్ల పెదవులు కలిసే అక్షరాలు లేకుండా కథ చెబుతాడని సంస్కృతం మేస్టార్లు మురిసిపోతూ చెప్పేవారు. కథ మాత్రం ఒక అమ్మాయి ఎత్తుకుపోబడ్డ కథ. కళింగ రాజు భార్యతో, కూతురు కనకలేఖతో సముద్రపు ఒడ్డున విహారానికి వస్తే ఆంధ్ర రాజు పడవల మీద వచ్చి వాళ్లని పట్టుకుపోతాడు. ఆంధ్ర నగరం పక్కన సముద్రమంత సరస్సు ఉంటుంది. దాని గట్టులో కన్నం చేసుకుని దాక్కున్న మంత్రగుప్తుడు, స్నానానికి దిగిన రాజుని నీళ్లలోనే చంపి, తానే రాజునని చెప్పుకుని కనకలేఖని పొందుతాడు. ఆ సరస్సు కొల్లేరేనని మన చరిత్రకారులు కొందరు అంటారు. అయితే గొప్పే. కానీ సముద్రపు ఒడ్డున ఒకడు ఎత్తుకుపోయాడు, సరస్సు ఒడ్డున ఇంకొకడు గెలుచుకున్నాడు. రెండు ఒడ్ల మధ్యా కనకలేఖ ఏం చూసిందో దండి రాయలేదు.

స్థానికంగా చెప్పే కథ ఇంకా కఠినం. కొల్లేటికోటలో ఒడియా గజపతుల కోట ఉండేదట. శత్రువు చిగురుకోటలో దండు దిగాడు. చుట్టూ నీళ్లు, కోట మీదికి పోలేడు. సరస్సులో నీరు సముద్రంలోకి వెళ్లిపోయేలా కాలవ తవ్వించడం మొదలుపెట్టాడు. అదే ఇప్పటి ఉప్పుటేరు అంటారు. ఆ యుద్ధంలో గెలుపు కోసం ఒక తండ్రి తన కూతురిని బలిచ్చాడు. ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారుగానీ, బలిచ్చింది ఒడియా సేనాపతి అన్నది ఎక్కువగా వినే మాట. ఆ కాలవకి పేరంటాల కనమ అన్న పేరు అందుకే వచ్చిందట.

కథ ఎంతవరకు నిజమో తేల్చడం నా పని కాదు. కొల్లేటి అంచుని కిందికి దించాలన్న మొదటి ప్రయత్నపు కథలోనే ఒక ఆడపిల్ల చావు ఉందన్నది నాకు ముఖ్యం. కోటకి పేరుంది, దండు దిగిన ఊరికి పేరుంది. ఆ పిల్లకి పేరు లేదు. పేరంటాలు అన్నారు, దణ్ణం పెట్టారు, అయిపోయింది. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లే ఆడవాళ్లని అడిగి చూశాను. పెద్దింట్లమ్మ మహిమలు గంటసేపు చెప్పారు. పేరంటాలు సంగతి ఒక ముసలావిడకే తెలుసు. ఆవిడ కూడా "ఎవరి పిల్లో పాపం" అని ఊరుకుంది.

ఫొటో కథ కూడా ఇలాంటిదే. పరదా వెనక ఉండే ఆడవాళ్ల కోసం రాజా దీన్‌దయాళ్ 1892లో హైదరాబాద్‌లో జనానా స్టూడియో తెరిచాడు. దాన్ని నడిపింది కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు స్త్రీ. గోడల మధ్య, మగవాళ్ల కంట పడకుండా ఫొటోలు. మా అమ్మ తరం దాకా అదే కదా జరిగింది! ఏలూరులో మా అమ్మ పెళ్లికి ముందు తీయించుకున్న ఒకే ఒక్క ఫొటోలో వెనక తెర మీద సరస్సు, హంసలు, పడవ ఉన్నాయి. అసలు సరస్సు ఊరికి అంత దగ్గర్లో ఉంటే, ఆవిడ పెద్దయ్యాకగానీ చూడలేదు.

ఇంగ్లండులో అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు ఒడ్డున దొరికే నాచు మొక్కల్ని మందు పూసిన కాయితం మీద పరిచి, ఎండలో పెట్టి, నీలి బొమ్మలు తీసింది. 1843లో వాటిని పుస్తకంగా కూర్చడం మొదలుపెట్టింది. ఫొటోలతో వచ్చిన మొదటి పుస్తకం అదేనంటారు. కెమెరా అవసరం కూడా పడలేదు ఆవిడకి. తర్వాత అదే నీలిరంగు పద్ధతి ఇంజనీర్ల చేతికి వచ్చి బ్లూప్రింట్ అయింది. కాంటూరు గీతల మ్యాపులు చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఒడ్డుని వంగి, చేత్తో ఏరుకున్న ఆవిడ నీలం ఒకటి. ఒడ్డుని పైనుంచి గీసిన వాళ్ల నీలం ఇంకొకటి.

గీతల చరిత్ర మనందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 1970ల నడిమి నించి ప్రభుత్వమే మత్స్యకారులకీ దళితులకీ సొసైటీలు పెట్టించి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించింది. వాటిలో చాలా భాగం లీజుల పేరుతో డబ్బున్నవాళ్ల చేతికి పోయింది. 1999లో అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు. 2002లో రామ్‌సర్ జాబితాలో చేరింది. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు పేల్చారు. 2008లో అయిదు కాదు, మూడో కాంటూరుకి తగ్గించమని శాసనసభ తీర్మానం చేసింది. పర్యావరణ మంత్రిత్వ శాఖ వేసిన అజీజ్ కమిటీ కుదరదంది. పేల్చిన గట్లు మళ్లీ లేచాయి. కొల్లేటి చాంతాడు అని ఊరికే అనలేదు మనవాళ్లు.

2006 నాటి పత్రికల ఫొటోలు నా దగ్గర కొన్ని ఉన్నాయి. మట్టి ఆకాశానికి లేస్తున్న దృశ్యం. పొక్లెయిన్లు, పోలీసులు, అధికారులు, నాయకులు. నేను అప్పట్లో సరస్సు బతకాలన్న పక్షాన గట్టిగా మాట్లాడాను, ఇప్పటికీ అదే నా పక్షం. కానీ ఆ ఫొటోలు మళ్లీ చూస్తుంటే ఒక సంగతి కనిపించింది. గట్ల మీద మేత మోసి, కలుపు తీసి, చేపలు గ్రేడింగు చేసి కూలి తెచ్చుకునే ఆడవాళ్లు వాటిలో ఎక్కడా లేరు. పట్టా వాళ్ల పేరున లేదు, సొసైటీలో సభ్యత్వం మొగుడిది, లీజు డబ్బు కూడా మొగుడి చేతికే. అంతకు ముందు సరస్సే ఉన్నప్పుడు కిక్కిస కోసుకున్నది, మావులు వేసి తెచ్చిన చేపని లంకలు దాటి అమ్ముకున్నది, తాగే నీళ్లు బిందెతో ముంచుకున్నది వాళ్లే. ఇప్పుడా నీళ్లు తాగరు, డబ్బాల్లో కొనుక్కుంటారు. సరస్సు పోయినప్పుడూ వాళ్లని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు, చెరువులు పోయినప్పుడూ తీసుకోలేదు. అక్కినేని కుటుంబరావు గారి 'కొల్లేటి జాడలు' చదివినవాళ్లకి పాత కొల్లేటి రుచి తెలుస్తుంది. వసంత్ కన్నబిరాన్ గారు దాన్ని ఇంగ్లీషులోకి తీసుకెళ్లారు కూడా. ఆడవాళ్ల వైపు నించి అలాంటి పుస్తకం ఎవరైనా రాయాలి. నాకు చేతకాదు, ఫొటోలు తీస్తున్నాను.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడని ముంచింది. ఆ నీళ్లన్నీ దిగాల్సింది కొల్లేట్లోకే. ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికీ వచ్చాయి. నీళ్లు తీశాక ఒక లంకకి వెళ్లాను. ఊరి పేరు రాయొద్దని వాళ్లే అన్నారు. గట్టు మీద నిలబడి గుర్రపుడెక్క అంచున కొంగల్ని తీస్తుంటే ఒకావిడ వచ్చి చాలాసేపు చూసింది.

"పిట్టల్ని తీస్తారా మేడం గారూ, మనుషుల్ని తియ్యరా?"

"తీస్తాను. మీరు తీయించుకుంటారా?" అన్నాను.

"నన్నెందుకు, రండి" అని ఇంట్లోకి తీసుకెళ్లింది. ముందుగది గోడ మీద, మోకాలికి పైన, గోధుమ రంగు చార. మంచం కోడు దగ్గర నించి వంటింటి తలుపు దాకా ఒకే ఎత్తున పోయింది. ఏ ఇంజనీరూ అంత తిన్నగా గీయలేడు. "ఇక్కడి దాకా వచ్చింది. ఆఫీసు వాళ్లొచ్చి మా ఊరు సరస్సులో ఉందా బయటుందా అని కొలిచి పోతారు గానీ, ఇంట్లోకొచ్చి చూడరు. ఇది తీసుకోండి" అంది.

నేలమీద కూర్చుని తీశాను. గదిలో వెలుతురు తక్కువ. తలుపు రెండో రెక్క కూడా తెరిచి పట్టుకుంది ఆవిడ. ఫ్రేములో ఆవిడ చెయ్యి, గాజులు కొంచెం పడ్డాయి. తప్పించబోయి, ఉంచేశాను.

ప్రింటు వేయించి సంక్రాంతికి ముందు పట్టుకెళ్లి ఇచ్చాను. అప్పటికే గోడకి సున్నం కొట్టేశారు. ఆవిడ ఫొటోని బీరువాలో, రేషన్ కార్డు ఉన్న కవర్లో పెట్టింది.