పాత్ర సరుకైన వైనం

పాత్రను పుట్టించేది రచయిత ఊహ అని మనం అలవాటుగా రాస్తుంటాం. కాంట్రాక్టు నాటకాలు చూసిన తరం ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోదు. టిక్కెట్లు తెగడానికి కాంట్రాక్టరు పేరున్న నటులందర్నీ ఒకే రాత్రికి దించేవాడు. పడక సీనుకొక కృష్ణుడు, రాయబారానికొక కృష్ణుడు! కృష్ణుడు ముక్కలైంది తిరుపతి వెంకట కవుల కలం వల్ల కాదు, గేటు వసూళ్ల వల్ల. ఈ సంగతి నాకు మళ్లీ తట్టింది మా మేనల్లుడి కంప్యూటర్ ముందు. వాడి పోటీ ఆటల్లో రెండు జట్లుంటాయి. ఒక్కొక్కరూ ఒక పాత్రను ఎంచుకుని బరిలోకి దిగుతారు. ఆ పాత్రలు అలాగే ఎందుకున్నాయని తవ్వుతూ పోతే, నేను చిత్రకారుడి బల్ల దగ్గర కాక గల్లాపెట్టె దగ్గర తేలాను.

ఈ కథ నాణెంతో మొదలవుతుంది. 1991లో జపాన్ కంపెనీ కాప్‌కామ్ ‘స్ట్రీట్ ఫైటర్ 2’ను ఆర్కేడుల్లోకి దింపింది. ఆడటానికి 8 మంది యోధులు. ఓడినవాడు తప్పుకుంటేనే పెట్టెలో మరో నాణెం పడుతుంది గనుక పోరు త్వరగా తేలిపోవాలి. మరుసటి ఏడాదే నలుగురు ప్రతినాయకులు కూడా ఆడదగిన పాత్రలయ్యారు. ఆర్కేడు యజమాని కొత్త బోర్డు కొనాలంటే కొత్త ముఖాలు కావాలి మరి.

అమ్మకమే లేని చోట ఏం జరిగిందో చూడండి. బ్లిజార్డ్ 2002లో విడుదల చేసిన ‘వార్‌క్రాఫ్ట్ 3’తో పాటు, ఆటగాళ్లు సొంతంగా పటాలు తయారుచేసుకునే పనిముట్టు కూడా ఇచ్చింది. 2003లో ఔత్సాహికులు దానితో ‘డోటా’ను కట్టారు. ఒకరు వదిలినచోట మరొకరు అందుకున్నారు. జీతం లేదు, ధర లేదు, పాత్రలన్నీ అందరివీ. అందుకే ఏ పాత్రా అందరికీ నచ్చి తీరాలన్న షరతు లేకపోయింది. మీపో అనే పాత్ర అనేక దేహాలుగా చీలుతుంది. వాటిలో ఒక్కటి చచ్చినా అన్నీ చస్తాయి. ఇన్వోకర్ మూడు మూలకాలను కలిపి 10 మంత్రాలు వేస్తాడు. అవి చేతికి పట్టుబడటానికి నెలలు కావాలి. దుకాణంలో పెడితే వీళ్లను కొనేవాళ్లెందరు? పైగా ఒక పాత్ర మరో పాత్రకు మృత్యువు కావచ్చు. విరుగుడు పాత్ర అందరి చేతిలోనూ ఉంది కనుక ఎవరికీ ఫిర్యాదు లేదు.

ఆ పటం మీద పనిచేసినవాళ్లలో స్టీవ్ ఫీక్ రయట్ కంపెనీలోకి వెళ్లాడు. ఐస్‌ఫ్రాగ్ అనే మారుపేరున్న మరొకరు 2009లో వాల్వ్‌లో చేరారు. విత్తనం ఒకటే, కౌళ్లు రెండు. 2009 అక్టోబరులో రయట్ తెచ్చిన ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’కు ప్రవేశ రుసుము లేదు. 40 పాత్రల్లో వారానికి 10 ఉచితం. తక్కినవి చాలాకాలం ఆడి సంపాదించుకోవాలి, లేదా డబ్బిచ్చి కొనుక్కోవాలి. పాత్ర ఆస్తి అయింది. సొమ్ము పోసి కొన్నవాడితో ‘ఈ పూట నీ పాత్ర పనికిరాదు’ అనడం ఏ వ్యాపారికీ కుదరదు. నా ఉద్దేశంలో అక్కడ విరుగుళ్ల పదును తగ్గి, ప్రతి పాత్రకూ కాస్త దాడి, కాస్త తప్పించుకునే దారి సమకూడటానికి ఇదొక కారణం. ఇదొక్కటే కారణం కాదు. కొత్తవాళ్లకు ఆట సులువుగా అర్థం కావాలన్న ఆలోచన కూడా ఉంది. పునాది–ఉపరితలం సూత్రాన్ని ప్రతిదానికీ మేకు కొట్టే విమర్శకుల్లో చేరడం నాకిష్టం లేదు. అయినా లెక్క చూడండి: 2010లో సుమారు రెండు వారాలకొక కొత్త పాత్ర పుట్టుకొచ్చిన ఆటలో 2024 మొత్తానికి వచ్చినవి మూడే. ఈలోగా రాబడి పాత్ర నుంచి దాని వేషం మీదికి మళ్లింది. వాల్వ్ 2013లో విడుదల చేసిన ‘డోటా 2’ మాత్రం పాత్రలన్నింటినీ ఉచితంగానే ఉంచి వేషాలే అమ్మింది. మీపో బతికిపోయాడు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టిన ఉదాహరణ ‘ఓవర్‌వాచ్’. 2016 మే నెలలో బ్లిజార్డ్ దాన్ని 21 పాత్రలతో అమ్మింది. కంప్యూటర్ మీద దాని ధర 40 డాలర్లు. ఒకసారి కొంటే పాత్రలన్నీ మనవే, తర్వాత వచ్చేవి కూడా. ఆట నడుస్తుండగానే పాత్ర మార్చుకోవచ్చు. ఎదుటివాళ్లు విడోమేకర్ అనే గురికత్తెను దింపితే, మీరు ఆమె మీదికి దూకే గొరిల్లా విన్‌స్టన్‌గా మారతారు. ఈ మార్పిడే ఆటకు వెన్నెముక. 2022 అక్టోబరు 4న ‘ఓవర్‌వాచ్ 2’ ఉచితమైంది. పాత ఆట కొన్నవాళ్లకు మినహాయింపు ఇచ్చారు గానీ, కొత్తగా వచ్చినవాడికి కిరికో తాళం వెనుక ఉంది. సుమారు 10 డాలర్లు చెల్లిస్తే వెంటనే దొరుకుతుంది, లేకుంటే 55 మెట్లు ఎక్కాలి. ఆమె విసిరే రక్ష జట్టు మీది దుష్ప్రభావాలను కడిగేసి, క్షణకాలం దెబ్బ తగలకుండా కాపాడుతుంది. అంటే ఆపదలో అవసరమైన పాత్ర! ఉచితంగా లోపలికి వచ్చిన పేదవాడి చేతికి జవాబు లేని ప్రశ్న ఇచ్చారన్నమాట. ఆటగాళ్లు ఊరుకోలేదు. 2024 ఏప్రిల్‌లో పాత్రలన్నింటికీ తాళాలు తీశారు. అమ్మకం రూపాన్ని ఒక దిక్కుకు లాగితే, రూపం ఎదురు తిరిగిన సందర్భాల్లో ఇదొకటిగా నేను రాసుకున్నాను.

ఇక వేషాల మాట. అదే 2024లో రయట్ తన ఆటలోని కొరియా మేటి ఆటగాడు ఫేకర్‌ను సత్కరిస్తూ, ఆయన పేరిట అహ్రీ అనే పాత్రకు ఒక అలంకరణ సంపుటి తెచ్చింది. దాని ఖరీదు 400 డాలర్లు దాటింది. ఆటగాళ్లు మండిపడ్డారు. ఫేకర్ సాధారణంగా వేషాలు వాడడు.